నోరు తిరగని పేరు

జులై 26 దగ్గరపడుతోంది. కార్గిల్ విజయ దివస్ నాడు ప్రతి బడిలోనూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. మన తెలుగు మాధ్యమ బడుల్లోనూ ఉంటుంది. బరంపురం, రాయగడ, బళ్లారి, హోసూరు, షోలాపూర్, యానాం... ఊరు ఏదైనా తంతు ఒక్కటే. జెండా, పూలదండ వేసిన ఫొటో, ఎవరో రాసిచ్చిన హిందీ ప్రసంగమో ఇంగ్లీషు ప్రసంగమో. ఏడో తరగతి పిల్ల దాన్ని వారం రోజులు బట్టీపట్టి, ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పేస్తుంది. చప్పట్లు కొడతారు, చాక్లెట్లు పంచుతారు. ఆ సైనికుడిది ఏ ఊరు, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడు, ఆ రాత్రి కొండ మీద ఏం చేశాడు అని మర్నాడు అదే పిల్లను అడగండి. నేల చూపులు చూస్తుంది. తప్పు పిల్లది కాదు. అర్థమయ్యే భాషలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమెకు తెలియలేదు.

ఈసారి ఇద్దరు సైనికుల గురించి పిల్లలకు తెలుగులో, తీరిగ్గా చెబుదామని తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ మా విన్నపం. ఇద్దరూ ఒకే పటాలం తరఫున పోరాడారు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్ అది. 1999 జూన్ 28న ద్రాస్ కొండల మీద జరిగిన దాడిలో ఇద్దరూ ప్రాణాలు వదిలారు. ఇద్దరికీ మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. యుద్ధంలో శత్రువు ఎదుట చూపిన సాహసానికి పరమవీర చక్ర తర్వాత మన దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారం అదే. కార్గిల్ వీరులు ఎందరో ఉండగా ఈ ఇద్దరే ఎందుకంటే, వీళ్ల జీవితాల్లో ఉన్న ఒక సంగతి మన బడుల పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. అది వాళ్లు రోజూ అనుభవిస్తున్నదే.

మొదటి ఆయన సైన్యంలో చేరకముందు మనలాగే ఉపాధ్యాయుడు. పేరు కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసె. 1974లో పుట్టారు. నాగాలాండ్‌లోని కోహిమా జిల్లా నెర్హెమా గ్రామం ఆయనది. అంగామీ నాగా తెగ. చదువు పూర్తయ్యాక కోహిమాలో ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత సైన్యంలో చేరి, 1998 డిసెంబరులో అధికారి అయ్యారు. వేసింది ఆర్మీ సర్వీస్ కోర్‌లో. సైన్యానికి తిండి, ఇంధనం, రవాణా చూసే విభాగం అది. అక్కడి నుంచి రాజ్‌పుతానా రైఫిల్స్‌కు పంపారు.

ఆ రెజిమెంటు జవాన్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా వైపు పల్లెల వాళ్లు. కెంగురుసె అనే పేరు వాళ్లకు నోరు తిరగలేదు. ఇంట్లో ఆయన ముద్దుపేరు నెయిబు. జవాన్లు దాన్ని తమ నోటికి అనువుగా తిప్పుకుని ‘నింబూ సాబ్’ అనేశారు. నింబూ అంటే నిమ్మకాయ. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఈ ముక్క దగ్గర మన తరగతిలో పిల్లలు తప్పకుండా నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ తర్వాత వాళ్ల పేర్లు ఎవరెవరు ఎలా పిలుస్తారో అడగండి. ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా అన్న దగ్గరే ఆఫీసులో గుమాస్తా ఆగిపోతాడు. తండ్రి పేరు ఇంటిపేరవుతుంది, ఇంటిపేరు అసలు పేరవుతుంది. వీధిలో ఆడుకునేటప్పుడు ఒక పేరు, హాజరుపట్టీలో ఒక పేరు, ఆధార్ కార్డులో ఇంకో పేరు. తమ పేరు ఎదుటివాళ్లకు నోరు తిరగకపోవడం అంటే ఏమిటో సరిహద్దు బయట పెరిగే తెలుగు పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక ఆ రాత్రి సంగతి. తోలోలింగ్ కొండను మనవాళ్లు జూన్ 13నే తిరిగి గెలుచుకున్నారు. దానికి అవతల ఉన్న శిఖరాలు ఇంకా శత్రువు చేతిలోనే ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే కింద శ్రీనగర్-లే రహదారి మీద వెళ్లే ప్రతి లారీ కనబడుతుంది. లడఖ్‌కు సరుకులు వెళ్లాలన్నా సైన్యం వెళ్లాలన్నా ఆ దారే ప్రధాన ఆధారం. అందుకే ఆ శిఖరాలు ఒక్కొక్కటీ తిరిగి తీసుకోవాల్సి వచ్చింది. అందులో ఒకచోట కొండ అంచున శత్రువు మెషిన్ గన్ పెట్టాడు. కిందనుంచి వచ్చే దారులన్నీ దాని గురిలో ఉన్నాయి. దాన్ని పడగొట్టే పనికి కెంగురుసె తనంతట తాను ముందుకొచ్చారు. ఘాతక్ ప్లటూన్‌ను వెంటబెట్టుకుని కొండ ఎక్కారు. పైనుంచి మోర్టార్ గుళ్లు, తూటాలు. చాలామంది గాయపడ్డారు. ఆయన పొట్టలో ఇనప ముక్క దిగింది. రక్తం కారుతున్నా ఆగలేదు, వెనకున్నవాళ్లను రమ్మంటూ ఎక్కుతూనే ఉన్నారు. చివర్లో నిట్టనిలువు బండ అడ్డొచ్చింది. బూట్లు జారిపోతున్నాయి. ఆ గడ్డకట్టే చలిలో బూట్లు విప్పేసి, ఉత్త కాళ్లతో, రాకెట్ లాంచర్ మోసుకుంటూ ఆ బండ ఎక్కారు. బంకర్ మీద కాల్చారు. మీదికొచ్చిన శత్రువులతో ముఖాముఖి కలబడ్డారు. తూటా తగిలి అక్కడినుంచి కిందకు పడిపోయారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు. అధికారి అయి ఆరు నెలలు దాటింది అంతే.

ఇక్కడ పిల్లల్ని ఒక్క నిమిషం ఆపి గమనించమనాల్సింది ఒకటుంది. ఆ జవాన్లకు తమ అధికారి పేరు పలకడం రాలేదు. అయినా ఆయన వెనకే ఆ కొండ ఎక్కారు. ఆయనా తన ముద్దుపేరును నిమ్మకాయ చేశారని చిన్నబుచ్చుకుని దూరం జరగలేదు. అలాగని కెంగురుసె అన్న పేరు తీసేసి తేలికైన పేరు పెట్టుకోనూ లేదు. పురస్కార పత్రంలో రాసింది ఆ అంగామీ పేరే.

రెండో ఆయన కథ మనకు ఇంకా దగ్గరిది. మేజర్ పద్మపాణి ఆచార్య 1969 జూన్ 21న హైదరాబాద్‌లో పుట్టారు. కుటుంబం ఒడిశాది, స్థిరపడింది హైదరాబాద్‌లో. తండ్రి వైమానిక దళ అధికారి. అంటే తెలుగు నేల మీద పెరిగిన ఒడియా బిడ్డ. బరంపురంలోనో రాయగడలోనో ఒడియా వాళ్ల మధ్య పెరుగుతున్న తెలుగు బిడ్డ అద్దంలో చూసుకుంటే కనబడే రూపం అది.

1994లో సైన్యంలో చేరిన ఆచార్య కార్గిల్ నాటికి కంపెనీ కమాండర్. జూన్ 28 రాత్రి ఆయన కంపెనీకి అప్పగించిన స్థావరం చుట్టూ మందుపాతరలు, మెషిన్ గన్లు. పైనుంచి ఫిరంగి గుళ్లు. దాన్ని తొందరగా పట్టుకోకపోతే మొత్తం బెటాలియన్ దాడే నిలిచిపోతుంది. ముందు వెళ్లిన ప్లటూన్ మీద గుళ్లు పడి చాలామంది కూలిపోయారు. దాడి దాదాపు ఆగిపోయింది. అప్పుడు ఆచార్య వెనక అట్టిపెట్టిన ప్లటూన్‌ను తీసుకుని, ఆ గుళ్ల వానలోనే ముందుకు నడిపించారు. నిటారు బండల మీదుగా పైకి చేరి, పాక్కుంటూ బంకర్ దగ్గరకు వెళ్లి గ్రెనేడ్లు విసిరారు. ఒళ్లంతా గాయాలై కదల్లేని స్థితి వచ్చాక, తనను అక్కడే వదిలి ముందుకు వెళ్లమని జవాన్లను ఆజ్ఞాపించారు. తాను పడి ఉన్నచోటు నుంచే కాల్పులు జరుపుతూ వాళ్లకు అండగా నిలిచారు. స్థావరం మనకు దక్కింది. ఆయన దక్కలేదు.

అంతకు తొమ్మిది రోజుల ముందు, జూన్ 19న, ఆయన తండ్రికి ఒక ఉత్తరం రాశారు. తర్వాత అది దేశమంతటికీ తెలిసింది. అందులో యుద్ధం చేయడాన్ని గౌరవంగా భావిస్తున్నానన్న మాట ఉంది. మా దృష్టిలో అంతకంటే గుర్తుపెట్టుకోవాల్సింది ఆయన చివర్లో కోరిన చిన్న కోరిక. అప్పటికి భార్య గర్భవతి. తనకు పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బేలా ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పమని తండ్రిని అడిగారు. కూతురు పుట్టేనాటికి ఆయన లేరు.

ఈ ఇద్దరి కథలు చెప్పేటప్పుడు మేము ముఖ్యంగా జాగ్రత్తపడాలనుకుంటున్న విషయాలు రెండున్నాయి.

ఒకటి, ‘ఆయన ఎవరివాడు’ అనే పేచీ. పద్మపాణి ఆచార్య మా బిడ్డ అని ఒడిశా చెప్పుకుంటుంది. మా ఊరివాడు అని హైదరాబాద్ చెప్పుకుంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఒకరిది నిజమైతే రెండోవారిది అబద్ధం కావాలన్న నియమం లేదు. నిజానికి బరంపురంలోని తెలుగు పిల్లవాడు ఆయన్ను రెండువైపుల నుంచీ నావాడు అనుకోవచ్చు. తానుంటున్న రాష్ట్రం బిడ్డగా ఒకసారి, తన భాష మాట్లాడే నగరంలో పెరిగినవాడిగా ఇంకోసారి. ‘నువ్వు ఒడియావా, తెలుగువా? ఏదో ఒకటి చెప్పు’ అని వీధిలో ఎవరైనా నిలదీస్తే ఆ పిల్లవాడికి ఇప్పుడు ఒక జవాబు దొరికింది.

రెండోది ఇంకా ముఖ్యం. ‘చూడండి, అల్పసంఖ్యాకులు కూడా దేశం కోసం ప్రాణాలిచ్చారు, కాబట్టి మనమూ ఈ దేశం వాళ్లమే’ అని పొరపాటున కూడా చెప్పకూడదు. సభల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. మంచి ఉద్దేశంతోనే అంటారు. అయినా అందులో ఒక విషపు ముల్లు ఉంది. ప్రాణమిస్తే తప్ప దేశం మనది కాదన్నట్టు పిల్లవాడి చెవికి వినబడుతుంది. కెంగురుసె ఆ బండ ఎక్కింది నాగాల దేశభక్తిని రుజువు చేయడానికి కాదు. తన వెనక దారి దొరక్క జవాన్లు చనిపోతున్నారు కాబట్టి ఎక్కారు. ఆచార్య హైదరాబాద్‌లోని ఒడియా కుటుంబాలకు అర్హతాపత్రం సంపాదించడానికి గుళ్ల వానలోకి నడవలేదు. తన కంపెనీకి అప్పగించిన పని అది.

మన హక్కులు ఎవరి రక్తంతోనూ కొన్నవి కావు. నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కును భాషా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగం 30వ అధికరణంలోనే ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని 350ఏ అధికరణం చెబుతోంది. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లోనే ఏడో సవరణతో అది వచ్చింది. గీత ఎక్కడ గీసినా ఇటువాళ్లు కొందరు అటు మిగిలిపోతారని ఆనాటి వాళ్లకు తెలుసు. గంజాం ప్రాంతాన్నే చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు బరంపురం మద్రాసు నుంచి అటు వెళ్లింది. మనుషులు ఇల్లు కదల్లేదు, సరిహద్దు కదిలింది. అక్కడి తెలుగువాడు ఎక్కడినుంచో వచ్చినవాడు కాదు. దానికి రుజువుగా పతకం చూపించాల్సిన పని లేదు.

మరి అలాంటప్పుడు పతకం కథ ఎందుకు చెప్పాలి? ఎందుకంటే మన పిల్లలకు బడి బయట రోజూ వినబడుతున్న మాట వేరు. ఇంటి భాష చిన్నది, దాన్ని వదిలితేనే పెద్దదేదైనా అందుతుందన్న మాట అది. కొన్నిసార్లు ఆ మాట ఇంట్లోనే వినబడుతుంది. ‘పోలీసులో చేరాలన్నా పట్టాలం వెళ్లాలన్నా తెలుగు ఏం పనికొస్తుంది మాష్టారూ’ అని అడిగే తండ్రులు మాకు ప్రతి జూన్‌లోనూ ఎదురవుతారు. వాళ్ల భయం అబద్ధం కాదు. హిందీ, ఇంగ్లీషు రావాలి. ఉంటున్న రాష్ట్రం భాష అయితే తప్పనిసరిగా, బాగా రావాలి. కన్నడం రాకుండా బళ్లారిలో, తమిళం రాకుండా హోసూరులో పిల్లవాడు ఎదగాలనుకోవడం మనం వాడికి చేసే అన్యాయం. మేము అనేది ఒక్కటే. పై భాష నేర్చుకోవడానికి కింది భాష వదలాల్సిన పని లేదు. కెంగురుసె ఇంటి భాష ఒకటి, బడిలో ఇంగ్లీషు, పటాలంలో హిందీ. మూడో భాష వచ్చిందని మొదటిది పోలేదు.

సైన్యం నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. అధికారి తన జవాన్ల భాష నేర్చుకోవాలన్నది మన రెజిమెంట్లలో పాత సంప్రదాయం. పైనున్నవాడు కిందివాళ్ల భాషలోకి రావాలి. ఆజ్ఞ అర్థం కాకపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి అక్కడ ఆ నియమం. బడిలో ప్రాణాలు పోవు, చదువు పోతుంది. బిడ్డకు వచ్చిన భాషలోకి ముందు ఉపాధ్యాయుడు దిగాలని మేము వాదించేటప్పుడు, సైన్యం ఎప్పటినుంచో పాటిస్తున్న సూత్రాన్నే గుర్తుచేస్తున్నామని అనుకోండి.

కార్గిల్ పురస్కారాల జాబితాలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి. మహావీర చక్ర పొందిన మేజర్ సోనమ్ వాంగ్‌చుక్ లడఖ్ వ్యక్తి. మరణానంతరం అదే పతకం పొందిన కెప్టెన్ కైషింగ్ క్లిఫర్డ్ నాంగ్‌రమ్ షిల్లాంగ్‌కు చెందిన ఖాసీ. వీళ్లెవరి మాతృభాషా కోట్లమంది మాట్లాడే భాష కాదు. వాటితో పోలిస్తే మన తెలుగు పెద్ద భాష. మనం చిన్నబోవడానికి కారణమే లేదు.

పిల్లలకు యుద్ధకథలు చెప్పడం మంచిదేనా అని అడిగే తల్లులున్నారు. న్యాయమైన ప్రశ్న. సినిమాలో డైలాగు చెప్పినట్టు చెబితే మంచిది కాదు. ఎంతమందిని చంపాడు అన్న లెక్కతో చెబితే అసలే మంచిది కాదు. ఆ యుద్ధంలో మన సైనికులు 527 మంది చనిపోయారు. ఆ అంకె వెనక అన్ని ఇళ్లు ఉన్నాయి. ఆచార్య ఉత్తరమూ తండ్రిని చూడని ఆ కూతురూ కథలో ఉంటే యుద్ధం ఎవరికీ ఆటగా కనిపించదు. సాహసం అంటే భయం లేకపోవడం కాదనీ, తన మీద ఆధారపడ్డవాళ్లను విడిచిపెట్టకపోవడమనీ పిల్లలకు అర్థమవుతుంది.

దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. తెలుగు మాధ్యమ పుస్తకాలు చేరడానికే ఆలస్యమయ్యే బడులు మనవి, కొత్త పుస్తకం కోసం ఎదురుచూడవద్దు. రెండు పీరియడ్లు చాలు. మొదటి పీరియడ్‌లో ఇద్దరి సాహసాన్ని తేలిక తెలుగులో చెప్పండి. బంకర్, ప్లటూన్, గ్రెనేడ్ వంటి మాటలను అలాగే ఉంచండి, పిల్లలకు అవి తెలుసు. నల్లబల్ల మీద ‘నెయికెఝాకువో కెంగురుసె’ అని పెద్ద అక్షరాలతో రాసి అందరిచేతా పలికించండి. నాలుగుసార్లు తడబడతారు, అయిదోసారి వస్తుంది. రెండో పీరియడ్‌లో దేశపటం తగిలించి కోహిమా, హైదరాబాద్, ద్రాస్, మన ఊరు గుర్తు పెట్టించండి. జులై 26న మాట్లాడే పిల్ల తన సొంత మాటల్లో ముందు తెలుగులో చెప్పాలి. తర్వాత అదే విషయం రాష్ట్ర భాషలో ఒక్క నిమిషం చెప్పాలి. పొరుగు బడి ఉపాధ్యాయులనూ వీధి పెద్దలనూ పిలవండి. మన పిల్ల రెండు భాషల్లో నిలబడి మాట్లాడటం వాళ్లు చూడాలి. పేటలో మాజీ సైనికులెవరైనా ఉంటే వేదిక మీద కూర్చోబెట్టడం కన్నా తరగతి గదిలో పిల్లల మధ్య కూర్చోబెట్టండి, ప్రశ్నలు అడగనివ్వండి.

తల్లిదండ్రులకు మేము అప్పగించే పని ఒకటే. ఆచార్య తన తండ్రిని కోరింది మీరు మీ ఇంట్లో చేయండి. నాయనమ్మో, తాతయ్యో, అమ్మమ్మో, లేకపోతే మీరే, రాత్రి అన్నాలయ్యాక పిల్లలకు రోజుకొక భారత కథ తెలుగులో చెప్పండి. పది నిమిషాలు పడుతుంది, ఫీజు లేదు, ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. బడిలో మేము అక్షరాలు నేర్పగలం. ఆ అక్షరాలు మోసే మాటలు ఇంటినుంచే రావాలి. భీష్ముడు ఎవరో, అభిమన్యుడు పద్మవ్యూహంలోకి ఎందుకు వెళ్లాడో ఇంట్లో విన్న పిల్లకు ద్రాస్ కొండ మీద ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడం మాకు చాలా తేలిక.